భాయ్ ముందర ఆగని కంప్యూటర్

పెళ్లికూతురు పేరు కొట్టాను. వాళ్ల నాయన పేరు కొట్టాను. 'జ్యేష్ఠ పుత్రిక' దగ్గరికి వచ్చేసరికి తెర మీద బాణం గుర్తు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. మౌస్ కదిపితే కదలదు, కీబోర్డు టకటకలాడిస్తే పలకదు. ఎదురుగా స్టూలు మీద కూర్చున్న పెళ్లికూతురి మేనమామ మెడ చాచి "ఏమైందమ్మా?" అన్నాడు. "ఏం కాలే, కూసోండి" అన్నాను. ఆ ఏడాది నేను ఎక్కువసార్లు చెప్పిన అబద్ధం అదే.

బటన్ నొక్కి ఆపాలి. మళ్లీ వెయ్యాలి. అది లేచి ఒళ్లు విరుచుకునేదాకా వచ్చినవాళ్లతో పెళ్లి ముచ్చట్లు పెట్టాలి. పోయిన కార్డును మొదటి నుంచి మళ్లీ కొట్టాలి. కార్డు కొట్టడం అసలు పని కాదనీ, ఆగిపోయిన యంత్రం ముందు ముఖం మామూలుగా పెట్టుకుని కూర్చోవడమే నా అసలు పని అనీ అనిపించేది. ఒళ్లు నొప్పులేమీ ఉండేవి కావు. అయినా సాయంత్రానికి అన్నం కలుపుకునే ఓపిక ఉండేది కాదు.

తొంభైల నడుమ దాటాక జరిగిన సంగతి ఇది. నల్గొండలో గడియారం సెంటర్‌కు పోయే రోడ్డు మీద నాదొక డీటీపీ దుకాణం. పెళ్లి కార్డులు, కరపత్రాలు, బడుల పరీక్ష పేపర్లు. ముందు ఒక షటర్, వెనక ఒక గది, వంట చేసుకునే చిన్న జాగా. అన్నీ కిరాయివే.

ఆ దుకాణం నాకు ఎందుకంత ముఖ్యమో చెప్పాలి, లేకుంటే నా తంటాలు చూసి ఇంత చిన్నదానికి ఇంత గోలా అనుకుంటారు. మా పుట్టిల్లు పాలమూరు జిల్లాలో గద్వాల వైపు. అత్తిల్లు పోచంపల్లి. రెండూ మగ్గాల ఇళ్లే. పుట్టింట్లో బడి నుంచి రాగానే మగ్గానికి నూలు కండెలు చుట్టాను. అత్తింట్లో ఆసు పోశాను. చీర మీద బొమ్మ రావడానికి నూలును మేకుల చుట్టూ అటూ ఇటూ తిప్పుతూ పరిచే పని అది. పొద్దుగూకేసరికి చెయ్యి భుజం దగ్గర ఊడొస్తుందా అనిపిస్తుంది. చీర తయారయ్యాక మాత్రం అది మామ నేసిన చీర, బావ నేసిన చీర. ఆసు ఎవరు పోశారని షావుకారు అడగడు, ఇంట్లోవాళ్లూ చెప్పరు. ఇందులో ఎవరి దుర్మార్గమూ లేదు, వాడుక అట్లా ఉంది. కానీ నాకు ఒళ్లు మండేది.

అందుకే పట్టుబట్టి టైపు నేర్చుకున్నాను. పోచంపల్లి నుంచి హైదరాబాద్ బస్సులో చీరల మూటల మధ్య నిలబడి పోయి డీటీపీ నేర్చుకున్నాను. మా ఆయనకు మగ్గం అబ్బలేదు. నల్గొండలో మోటార్లు బాగుచేసే షాపులో పని దొరికితే ఇద్దరం వచ్చి కాపురం పెట్టాం. ఎవరో అమ్మేసిన పాత కంప్యూటర్ కొని షటర్ ఎత్తాను. మొదటి కార్డు తీసుకున్నాయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి "ఎవరు కొట్టిన్రమ్మా?" అన్నాడు. "నేనే" అన్నాను. "మంచిగ కొట్టినవ్" అన్నాడు. ఆ రెండు మాటల కోసం నేను చిన్నప్పటి నుంచి కాచుకుని ఉన్నానని ఆ పూట తెలిసింది.

దుకాణం పెట్టిన కొత్తలో మామ వచ్చాడు. కోడలు బజార్లో కూర్చోవడం ఆయనకు ఇష్టం లేదని అందరికీ తెలుసు. ఏమంటాడోనని నేను బిగుసుకుపోయి ఉంటే, ఆయన సంచిలోంచి ఒక గుడ్డ తీశాడు. మగ్గం మీద మిగిలిన పడుగుతో నేసిన ముదురెరుపు బట్ట, పోచంపల్లి బొమ్మలతో. లోపల పాత పంచె అస్తరు వేయించి, కంప్యూటర్ డబ్బా కొలతకు దర్జీతో తొడుగులా కుట్టించాడు. కొలత మా ఆయన దారంతో తీసి పంపాడట. ఫ్లాపీ పెట్టేచోట, బటన్ల దగ్గర కత్తిరించి ఉంది. వెనక వైర్లు దూరేంత సందు ఉంది.

"దుమ్ము వడ్తే ఖరాబైతది బిడ్డా. తీసుడు ఏసుడు పనే లేకుంట కుట్టిపిచ్చిన" అన్నాడు.

మగ్గాల ఇళ్లలో దుమ్ము పట్టింపు ఎక్కువ. నేసేవాడు అన్నానికి లేచినా సరే, నేసినంత మేర బట్ట మీద గుడ్డ కప్పకుండా లేవడు. ఆయన నా యంత్రానికి తొడుగు తెచ్చాడంటే దుకాణానికి ఒప్పుకున్నట్టే. నోటితో ఆ మాట అనలేదు, అనే మనిషీ కాదు. నేను దాన్ని అప్పుడే డబ్బాకు తొడిగాను. మళ్లీ తీసే అవసరం రాలేదు. రోడ్డు మీద ట్రాక్టర్లు లేపే దుమ్మంతా ఆ గుడ్డ మీదే పడేది, నేను పొద్దున్నే దులిపేదాన్ని. పాత కంప్యూటర్ ఆ తొడుగులో నెమ్మదిగా, ఏ పేచీ లేకుండా చాలాకాలం నడిచింది.

పేచీ అంతా రంగుల కార్డులతో వచ్చింది. జనానికి కార్డు మీద రంగుల వినాయకుడు కావాలి. నా కంప్యూటర్‌లో వినాయకుడు కిరీటంతో మొదలై ఎలుక దాకా దిగేలోపు కస్టమర్ బయటికి పోయి ఛాయ్ తాగి వచ్చేవాడు. కొందరు ఛాయ్ తాగి అటే పోయేవారు. అప్పుడు భాయ్‌తో మొరపెట్టుకున్నాను.

భాయ్ అంటే మా షటర్ల వరుసలోనే రేడియోలు, టీవీలు బాగుచేసే ఆయన. హైదరాబాద్‌లో కొన్నాళ్లుండి కంప్యూటర్ల పని కూడా నేర్చుకొచ్చాడు. నన్ను చెల్లె అని పిలిచేవాడు. "మొత్తం మిషన్ కొనే ఫికర్ వద్దు చెల్లె. ప్రాసెసర్ ఒక్కటి మారిస్తే సాలు, గీ బోర్డు తీస్కుంటది" అన్నాడు. హైదరాబాద్ పోయి కొత్తది తెచ్చి నా ముందరే సీలు చింపి బిగించాడు. పాతదాని నెత్తిన లోహపు రేకు ఒక్కటే ఉండేది. కొత్తదాని మీద అగ్గిపెట్టెంత ఫ్యాన్ కూడా ఉంది.

"ఇంత చిన్న బిళ్లకు ఫ్యాన్ ఎందుకు భాయ్?" అన్నాను.

"కొత్తది జర గరం ఐతది" అన్నాడు.

ఆయన చెప్పాడు, నేను విన్నాను. ఇద్దరం అక్కడితో మర్చిపోయాం. మూత బిగించి, తొడుగు తొడిగి, వినాయకుణ్ణి పిలిస్తే ఎలుకతో సహా ఒక్కసారిగా వచ్చి కూర్చున్నాడు. ఆ సాయంత్రం నా ఆనందం చెప్పనలవి కాదు. అది మర్నాటి మధ్యాహ్నం దాకా ఉంది.

ఆ చలికాలంలో మా ఆయనకు మేళ్లచెరువు దిక్కు ఒక సిమెంటు ఫ్యాక్టరీలో కరెంటు పని దొరికింది. మంచి నౌకరి, వదులుకునేది కాదు. అక్కడ నలుగురు మగవాళ్లతో కలిసి ఒక గదిలో ఉండి, శనివారం చీకటి పడ్డాక హుజూర్‌నగర్, మిర్యాలగూడ మీదుగా బస్సులు మారి వచ్చేవాడు. సోమవారం కోడి కూయకముందే పోయేవాడు. భార్యను తీసుకొస్తే క్వార్టర్ ఇస్తామన్నారట ఫ్యాక్టరీవాళ్లు. ఉగాదిలోగా అవునో కాదో చెప్పాలి.

నేను క్వార్టర్‌కు పోతే దుకాణం ఉండదు. అక్కడ ఫ్యాక్టరీ గోడ, సున్నపురాళ్ల గనులు తప్ప పెళ్లి కార్డులు కొట్టించుకునేవాళ్లు లేరు. ఆ మాట ఇద్దరికీ తెలుసు. ఆయన గొడవపడే మనిషి కాదు. ఒక ఆదివారం అన్నం తింటూ అన్నాడు: "షాపు నడుస్తే నడవనియ్యి, నేనేమన్న అంటున్ననా? గని గిట్ల దినాం ఆగిపోయే మిషన్ కోసం రెండు కాడ పొయ్యిలెందుకు? ఉగాది దాక జూద్దం. బాగైతే ఉండు. లేకుంటే షటర్ దించి వచ్చెయ్యి."

న్యాయంగా ఉంది కదా అనుకున్నాను. సరేనన్నాను. ఉగాదిలోపు కంప్యూటర్ ఆగకుండా నడవాలి, అంతే. యంత్రమే కదా, ఎక్కడో ఏదో వదులై ఉంటుంది, బిగిస్తే పోతుంది అనుకున్నాను.

ఇక మొదలైంది. కంప్యూటర్ ఆగగానే భాయ్‌ను పిలిచేదాన్ని. ఆయన వచ్చి, తొడుగు తీసి పద్ధతిగా మడిచి బల్ల మీద పెట్టి, స్క్రూలు విప్పి, మూత తీసి, పక్కన కూర్చునేవాడు. కంప్యూటర్ పెళ్లిచూపుల్లో పిల్లలా బుద్ధిగా నడిచేది. ఆయన కూర్చున్నంతసేపూ నడిచేది. నేను కార్డు మీద కార్డు కొట్టేదాన్ని. కావాలని పెద్ద పెద్ద బొమ్మలు పిలిచేదాన్ని. ఒక్కసారి ఆగి చూపించవే తల్లీ అని లోపల దండం పెట్టుకునేదాన్ని. ఆగేది కాదు.

"ఏం లేదు గద చెల్లె?" అనేవాడు భాయ్, పాపం మర్యాదగానే. మూత బిగించి, తొడుగు తొడిగి పోయేవాడు. కాసేపటికి బాణం ఆగేది, లేకుంటే తెరంతా నీలంగా మారి ఏవో అంకెలు చూపించేది.

మనిషి ముందు సిగ్గుపడే యంత్రం ఉంటుందా? మొదట్లో నవ్వుకున్నాం. తర్వాత భాయ్ ఒక్కొక్కటే పట్టుకున్నాడు. లోపలి మెమరీ పట్టీ తీసి, దాని అంచుల్ని బడిపిల్లలు వాడే రబ్బరుతో రుద్దాడు. బాగైంది, ఆయన పోయేదాకా. బోర్డు మీది చిన్న చిన్న క్లిప్పుల్ని మార్చి ప్రాసెసర్ వేగం తగ్గించి చూశాడు. కొంచెం నయమనిపించింది, అంతే. బడులవాళ్లు తెచ్చే ఫ్లాపీల్లో వైరస్ ఉందన్నాడు. ఉన్నవన్నీ తుడిచేసి విండోస్ మళ్లీ వేశాడు. నేను దాచుకున్న పూల అంచులు, పెళ్లి పల్లకీ బొమ్మలు అన్నీ పోయాయి. అయినా ఆగింది.

తర్వాత కరెంటు మీద పడ్డాం. నల్గొండ కరెంటును అనుమానించడానికి ఎవరికీ పెద్ద చదువు అక్కర్లేదు. కొత్త స్టెబిలైజర్ తెచ్చాం. వెనక పెరట్లో ఎర్తింగ్ కోసం గుంత తీయించి బొగ్గు, ఉప్పు వేసి, దాంట్లో రోజూ బిందెడు నీళ్లు పోశాను. నల్గొండలో తాగడానికి పనికొచ్చే నీళ్లకు లైను కట్టే రోజుల్లో ఆ గుంతకు బిందె పట్టుకుపోతుంటే పక్కింటావిడ నన్ను వింతగా చూసేది. ఉప్పునీళ్లే పోస్తున్నానని ఆమెకు చెప్పుకోవాల్సి వచ్చేది.

కిరాణం ఆమె దిష్టి తగిలిందంది. నిమ్మకాయ, మిరపకాయలు కట్టాను. ఒక కస్టమర్ కంప్యూటర్ ముఖం దక్షిణం చూస్తోందన్నాడు. బల్ల తిప్పాను. వాటి మీద నాకు నమ్మకం లేదు. కానీ అలసిపోయిన మనిషికి నమ్మకాలతో పనేముంది, ఎవరు ఏది చెబితే అది చేస్తుంది. పొద్దున మొదటి కార్డుకు ఎప్పుడూ ఆగేది కాదు. పొద్దున కరెంటు బాగుంటుంది కదా అనుకున్నాను. పని ఎక్కువున్న పూట ఎక్కువ ఆగేది. నా ఖర్మ అనుకున్నాను. ప్రతి లైనుకూ సేవ్ నొక్కడం అలవాటై, నిద్రలో కూడా వేళ్లు కదిలేవట. మా ఆయన చెప్పాడు.

ఆయన ఆదివారాలు ఎక్కువగా పడుకునేవాడు. లేచాక మాత్రం "ఈ వారం ఎట్లుంది?" అని అడిగేవాడు. "కొంచెం నయం" అనేదాన్ని. ఆయన నా ముఖం చూసి ఇంకేమీ అడిగేవాడు కాదు. అడగకపోవడం కూడా నాకు కోపంగానే ఉండేది. ఉగాది దగ్గరపడుతోంది.

ఆ కోపమంతా ఒక రోజు భాయ్ మీద పోయింది. దుకాణం నిండా జనం ఉన్నారు. రెండోసారి కొట్టిన కార్డు కూడా పోయింది. ఆయన వచ్చి తొడుగు మీద చెయ్యి వేయగానే, "ఎవడో తీసేసిన ప్రాసెసర్ తెచ్చి నాకు అంటగట్టినవా భాయ్?" అన్నాను. అందరూ విన్నారు.

ఆయన ముఖం చిన్నబోయింది. "అల్లా కసం చెల్లె. సీలు నీ ముందరనే చింపిన" అన్నాడు. తొడుగు మీది చెయ్యి తీసేసి పోయాడు. ఆ తర్వాత నేను పిలవలేదు, ఆయన రాలేదు. రెండు షటర్ల దూరంలో ఆయన రేడియోల గరగర వినిపిస్తూనే ఉండేది.

కట్టంగూర్ నుంచి ఒక రైతు తన బిడ్డ పెళ్లి కార్డు కొట్టించడానికి వచ్చాడు. నిదానమైన మనిషి. నేను ఛాయ్ తెప్పించాను. వినాయకుడు తెర మీదికి రాగానే ఆయన సంబరంగా లేచి దగ్గరికి వంగాడు. గ్లాసు ఒలికి ఛాయ్ మొత్తం తొడుగు మీద పడింది.

"అయ్యో, పట్టు చీర మీద ఒల్కవోస్తిని గదమ్మా" అని ఆయన తలపాగా విప్పి తుడవబోయాడు. నేను ఛాయ్ లోపలికి దిగకముందే తొడుగు లాగేసి, వెనక్కి తీసుకుపోయి బకెట్లో ముంచాను. తిరిగొచ్చి కార్డు పూర్తిచేశాను. తర్వాత ఇంకొకటి. తర్వాత ఒక బడి పరీక్ష పేపర్. దీపాలు పెట్టేవేళ దాకా అది ఒక్కసారి కూడా ఆగలేదు. ఆ రైతు అడుగు మంచిది అనుకున్నాను. నా బుర్ర అంతవరకే పోయింది.

అస్తరు వేసిన గుడ్డ కదా, మర్నాటికి కూడా ఆరలేదు. ఆ రోజూ కంప్యూటర్ నడిచింది. వారాల తర్వాత ఆ మధ్యాహ్నం కడుపునిండా తిన్నాను. ఆ తర్వాతి రోజు తొడుగు ఆరింది. మామ గుడ్డ కదా, ఇస్త్రీ చేసి మరీ తొడిగాను. ఎండ ఎక్కకముందే బాణం ఆగిపోయింది.

దుకాణంలో అప్పుడు ఎవరూ లేరు. నాకు ఏడుపు వచ్చింది. రెండు రోజులు ఆశ పెట్టి మళ్లీ లాక్కోవడం మనుషులు చేస్తే తిట్టవచ్చు, దీన్ని ఏం చెయ్యాలి? ఇక చాలు, షటర్ దించుదాం, క్వార్టర్‌కే పోదాం, నిద్రన్నా పడుతుంది అనుకున్నాను. నిజంగా అనుకున్నాను. బల్ల మీద మోచేతులు పెట్టి, తల ఆ డబ్బాకు ఆనించాను.

చెంపకు వేడి తగిలింది.

తల తీసి చెయ్యి పెట్టి చూశాను. తొడుగు కిందికి చెయ్యి పోనిచ్చాను. జొన్నరొట్టెలు గంపలో గుడ్డ కప్పి పెడితే, తీసేటప్పుడు వేళ్లకు తగిలే వేడి అది. తొడుగు లాగేశాను. కాసేపు ఆగి కంప్యూటర్ వేశాను. సాయంత్రం దాకా నడిచింది. మర్నాడు కావాలని తొడిగాను, పొద్దెక్కేసరికి ఆగింది. తీశాను, నడిచింది.

భాయ్ వచ్చినప్పుడల్లా చేసే మొదటి పని తొడుగు తీయడం. పోయేముందు చేసే చివరి పని తొడగడం. మా ఇద్దరి కళ్ల ముందే, అన్నిసార్లు. మగ్గాన్ని కూడా నేత ఆపి లేచాకే కప్పుతారు, నేస్తుండగా ఎవరూ కప్పరు. మగ్గాల ఇళ్లలో పుట్టి మగ్గాల ఇంటికి కోడలినైన నాకు ఆ మాత్రం తోచలేదు. మామకూ తోచలేదు. బట్ట కప్పితే మేలే తప్ప కీడు జరుగుతుందని మా ఇళ్లలో ఎవరం అనుకోం. సంతోషం తర్వాత వచ్చింది. ముందు మాత్రం వచ్చింది కోపమే, ఎవరి మీదో తెలియని కోపం.

భాయ్ దుకాణానికి పోయాను. ఆయన టేప్‌రికార్డర్ విప్పుకుని కూర్చున్నాడు. "నీ ప్రాసెసర్ మంచిదే భాయ్. గుడ్డ గప్పి దాని ఊపిరి ఆపింది మేమే" అని చెప్పాను. ఆయన పగలబడి నవ్వాడు. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకున్నాడు.

"గరం ఐతదని నేనే జెప్పిన. గుడ్డ దియ్యమని జెప్పకపోతి. మీ మామ నేసింది, ఇజ్జత్ గల్ల బట్ట అని నేను గూడ మడిచి పెట్టుడు, మల్ల తొడుగుడు" అన్నాడు. ఛాయ్ తెప్పించాడు. ఇద్దరం తాగాం. మా తగాదా అంతటితో సరి.

మామకు చెప్పడం అంత సులువు కాలేదు. ఆయన కళ్లు చూపించుకోవడానికి నల్గొండ దవాఖానకు వచ్చి, దుకాణానికి వచ్చాడు. రాగానే ఆయన చూపు బోడిగా ఉన్న డబ్బా మీద పడింది. అబద్ధం చెప్పే ఓపిక నాకు మిగల్లేదు. జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆయన డబ్బా మీద చెయ్యి పెట్టి చూశాడు.

"గట్లనా" అన్నాడు. స్టూలు మీద కూర్చున్నాడు. "పోచంపల్లిల ఎవ్వల్కి జెప్పకు బిడ్డా. మా కోడలి మిషన్‌కు నేనే బట్ట నేసిచ్చిన్నని అందరికి జెప్పుకున్న" అన్నాడు.

మా కోడలి మిషన్ అని ఆయన ఊళ్లో చెప్పుకుంటున్నాడని నాకు అప్పటిదాకా తెలియదు. కళ్లలో నీళ్లు వచ్చాయి. దాచుకోలేదు. రాత్రి దుకాణం మూశాక కప్పుతానని చెప్పాను. "ఆ, గది మంచిది" అన్నాడు.

ఉగాది ముందరి వారం. నేను మా ఆయన కోసం పరీక్ష పాసైన పిల్లలా ఎదురుచూశాను. శనివారం ఆయన చెప్పులు విప్పుతుండగానే చెప్పాను: "ఈ వారం మొత్తంల ఒక్కసారి గూడ ఆగలే." "అవునా" అన్నాడు. సిమెంటు దుమ్ముతో కనుబొమలు తెల్లగా ఉన్నాయి. స్నానం చేసి పడుకున్నాడు.

పెళ్లిళ్ల రోజులు కాబట్టి ఆదివారం కూడా షటర్ ఎత్తాను. ఆయన ఎన్నడూ లేనిది పొద్దున్నే లేచి, కస్టమర్లు కూర్చునే స్టూలు మీద కూర్చున్నాడు. నేను కార్డులు కొడుతున్నాను, ఆయన తెర వంక చూస్తున్నాడు. నా పని చూడటానికి కూర్చున్నాడనుకుని నాకు ఉత్సాహం వచ్చింది. రంగులు మార్చి చూపించాను, వినాయకుణ్ణి పెద్దగా చేశాను, చిన్నగా చేశాను. బాణం ఎక్కడైనా కాస్త నిదానిస్తే ఆయన ముందుకు వంగేవాడు. అది కదలగానే మళ్లీ వెనక్కి జరిగేవాడు. చాలాసేపటికి గాని నాకు అర్థం కాలేదు. అది ఆగిపోవాలని ఆయన ఎదురుచూస్తున్నాడు.

మధ్యాహ్నమైంది. అది ఆగలేదు.

"బాగైనట్టే" అన్నాడు.

"బాగైంది."

"అంటె నువ్వు రావన్నట్టే."

"బాగైతే ఉండుమన్నది నువ్వే గద."

"అన్న" అన్నాడు. "బాగుగాదనుకున్న."

ఆయన నేల చూస్తూ చెప్పాడు: "ఒక్కణ్ణి ఉండబుద్ధి ఐతలేదు. డ్యూటీ దిగినంక గా రూముల అడుగు పెట్టబుద్ధి గాదు. బస్టాండుల కూసుంట. వచ్చే బస్సులు, పొయ్యే బస్సులు జూసుకుంట. చీకటైనంక పోయి పండుకుంట."

ఇన్ని నెలల్లో ఆయన ఆ మాట ఒక్కసారి కూడా అనలేదు. నాకు జాలి కలగాలి. కలిగింది కూడా. కానీ దానికన్నా ముందు మండిపోయాను. "గా మాట మొదలే జెప్పాలె గద. పొద్దాక మిషన్ మిషన్ అంటివి."

"జెప్తే వస్తుంటివా?"

యంత్రం చెడిపోయి ఉన్నంతకాలం మా ఇద్దరికీ అది ఒక చాటు. ఆయన యంత్రం మీద పెట్టి రమ్మన్నాడు, నేను యంత్రం మీద పెట్టి ఆగమన్నాను. ఇప్పుడది నా పక్కన బుద్ధిగా గుర్రుమంటూ నడుస్తోంది. ఆయన అడిగినదానికి నేనే జవాబు చెప్పాలి.

"రాకపోదును" అన్నాను.

ఆయన తల ఊపాడు. లేచి కుండలోని నీళ్లు ముంచుకు తాగాడు. "క్వార్టర్ వద్దని జెప్త" అన్నాడు. నా మీద అలగలేదు, అరవలేదు. అలిగితే నాకు కొంత సులువయ్యేది. సోమవారం ఎప్పటిలాగే చీకట్లో లేచి బస్సుకు పోయాడు.

తర్వాత ఆ కంప్యూటర్ పోయింది, ఇంకొకటి వచ్చింది. దుకాణం పక్క షటర్‌కు కూడా పెరిగింది. ఇద్దరు పిల్లలు పుట్టారు. సిమెంటు ఫ్యాక్టరీ నౌకరి అట్లాగే సాగింది, మా సంసారం ఆదివారాల్లో, పిల్లల మాటలో ఐతారాల్లో, సాగింది. ఎందుకట్లా ఉన్నారని అడిగినవాళ్లకు పనులు అట్లా కుదిరాయని చెప్పేదాన్ని. ఆయన మళ్లీ అడిగితే ఏం చెబుతావని నన్ను నేనే అడుగుతుంటాను. ఆ ఆదివారం చెప్పిన జవాబే చెబుతాను. ఆ జవాబు తేలికైనదని మాత్రం ఎప్పుడూ అనుకోలేదు.

పెద్దది బడికి పోయే ముందరి ఏడాది, ఒకసారి ఆయనకు జ్వరం వచ్చి వారం మధ్యలో వచ్చాడు. మిట్టమధ్యాహ్నం దుకాణం ముందు సంచితో నిలబడ్డాడు. పిల్ల నా బల్ల కింద ఆడుకుంటోంది. ఆయన్ని చూసి బయటికి పరుగెత్తింది, సగంలో ఆగింది, నా వైపు తిరిగింది.

"అమ్మా, ఇయ్యాల ఐతారమా?" అంది.

"కాదు బిడ్డా, బుధవారం" అని ఆయనే చెప్పి దాన్ని ఎత్తుకున్నాడు. ఆయన ఒళ్లు కాలిపోతోంది. లోపలికి తీసుకుపోయి పక్క వేసి పడుకోబెట్టాను. బయట ఇద్దరు కార్డుల కోసం కూర్చుని ఉన్నారు. వాళ్లవి ఆ పూటే ఇవ్వాలి, వచ్చి కూర్చుని కొట్టాను.